గ్లాస్టన్‌బరీ స్థలపురాణం: ఏ కథ ఎవరి అవసరానికి పుట్టింది?

1125 ప్రాంతంలో విలియం అనే సన్యాసి ఇంగ్లండ్ రాజుల చరిత్ర రాస్తూ ఓ మాట అన్నాడు. బ్రిటన్ పాత కథల్లో వీరుడైన ఆర్థర్ రాజు సమాధి ఎక్కడా కనబడదు, అందుకే ఆయన మళ్లీ తిరిగొస్తాడని జనం పాటలు కట్టుకున్నారు అని. మాల్మ్స్‌బరీ మఠానికి చెందిన ఈ విలియం ఆషామాషీ రచయిత కాడు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో పాత రాతలను పక్కపక్కన పెట్టి సరిచూసి రాసే అలవాటున్న అతి కొద్దిమందిలో ఒకడు. కొన్నేళ్ల తర్వాత గ్లాస్టన్‌బరీ మఠం వాళ్లు పిలిస్తే వెళ్లి, అక్కడి పాత పత్రాలు తిరగేసి, ఆ మఠం ప్రాచీనత మీద ఏకంగా ఒక పుస్తకమే రాసిచ్చాడు. మఠంలో ఎవరెవరు సమాధి అయ్యారో అందులో శ్రద్ధగా చెప్పాడు.

1191లో అదే మఠం శ్మశానంలో సన్యాసులు గొయ్యి తవ్వి, ఇవిగో ఆర్థర్ ఎముకలు అన్నారు.

పాతిక తరాల పాటు కళ్లముందే ఉన్న సమాధిని విలియం చూడలేకపోయాడా? లేక విలియం వచ్చి వెళ్లాక ఆ సమాధి అవసరం పడిందా?

గ్లాస్టన్‌బరీ నైరుతి ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో ఉంది. ఒకప్పుడు చుట్టూ చిత్తడి నేలలు, మధ్యలో టోర్ అనే కొండ. వానాకాలంలో నీళ్లు ఎక్కితే ఊరు ద్వీపంలా కనబడేది. చరిత్రకు గట్టిగా దొరికేది ఏడో శతాబ్దం చివరి భాగం నుంచే. వెసెక్స్ రాజు ఇనే 688 నుంచి 726 దాకా ఏలాడు, ఇక్కడ రాతి చర్చి కట్టించింది ఆయనే అంటారు. 940లలో డన్‌స్టన్ మఠాధిపతిగా వచ్చి మఠాన్ని నిలబెట్టాడు, తర్వాత ఆయన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. 1086లో విలియం ద కాంకరర్ చేయించిన భూముల సర్వే నాటికి దేశంలోకెల్లా సంపన్న మఠం ఇదే. అదే సర్వేలో ఇంకో మాట కూడా ఉంది: ఈ మఠానికి పన్నెండు హైడ్ల (హైడ్ అంటే అప్పటి భూమి కొలత) భూమి ఉంది, దాని మీద ఎన్నడూ పన్ను కట్టలేదు అని. మన భాషలో చెప్పాలంటే శిస్తు లేని మాన్యం. ఈ పన్నెండు సంఖ్యను గుర్తుపెట్టుకోండి.

ఆవరణలో రాతి చర్చికి పడమటి వైపున తడికలతో, కర్రలతో కట్టిన చిన్న పాత చర్చి ఒకటి ఉండేది. మరియమ్మ పేర వెలసింది. దాన్ని ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే మఠానికి పెట్టుబడి అయింది.

మన దగ్గర ప్రతి కొండ మీదా భీముడి పాదమో, పాండవులు బస చేసిన గుహో ఉంటుంది. కట్టినవాడి పేరు పోయినచోట పురాణం వచ్చి కూర్చుంటుంది, అది సహజం. గ్లాస్టన్‌బరీలో విశేషమేమిటంటే, ఏ పాత్ర ఏ దశాబ్దంలో వచ్చి కూర్చుందో మనం దాదాపు వేలు పెట్టి చూపించగలం.

మొదటి గొడవ డన్‌స్టన్ గురించే. కాంటర్‌బరీ సన్యాసి ఆస్బర్న్ ఆయన చరిత్ర రాస్తూ, గ్లాస్టన్‌బరీకి మొదటి మఠాధిపతి డన్‌స్టనే అన్నాడు. అంటే మఠం వయసు నూటయాభై ఏళ్లు కూడా లేదన్నమాట. గ్లాస్టన్‌బరీ వాళ్లకు ఒళ్లు మండింది. మఠాలకు ఆ రోజుల్లో వయసంటే ఒట్టి గౌరవం కాదు. ఎవరు ముందు కూర్చోవాలి, బిషప్ మాట ఎంతవరకు వినాలి, ఏ భూమి ఎవరిది, ఇవన్నీ వయసు మీదే తేలేవి. పైగా డన్‌స్టన్ ఎముకలు కాంటర్‌బరీలో లేవు, మా దగ్గరే ఉన్నాయని వీళ్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. కాంటర్‌బరీ సన్యాసి ఎడ్మర్ 1120 ప్రాంతంలో దీనికి జవాబుగా రాసిన ఉత్తరం చదివితే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంత పేలవమైన అబద్ధం మీరే అల్లుకోవడం ఎందుకు, సముద్రం అవతల ఇందులో ఆరితేరినవాళ్లున్నారు, డబ్బిస్తే నమ్మేలా ఒకటి అల్లిపెట్టేవాళ్లు కదా అని దెప్పాడు. మధ్యయుగం వాళ్లు ఏది చెప్పినా నమ్మేవాళ్లు అనుకునేవాళ్లకు ఎడ్మర్ మంచి మందు.

విలియంను పిలిపించింది ఈ నేపథ్యంలోనే. కూలి తీసుకుని రాసినా అతను కొంత మర్యాద పాటించాడు. ఇనే కన్నా ముందే ఇక్కడ మఠం ఉందని పత్రాలతో చూపించాడు. ఆ పత్రాల్లో కొన్ని దొంగవి కావచ్చు, కాని వాటిని తయారుచేసింది అతను కాదు. పాత చర్చిని క్రీస్తు శిష్యులే కట్టారని కొన్నిచోట్ల రాసి ఉందన్న మాట కూడా ప్రస్తావించాడు. అపొస్తలుడు ఫిలిప్పు గాల్ దేశంలో (నేటి ఫ్రాన్స్) బోధించాడంటారు కాబట్టి ఇది జరగకూడనిదేమీ కాదన్నాడు. అంతటితో ఆగి, అభిప్రాయాలు వదిలేసి నిజంగా జరిగినవి చెబుతానని ముందుకు వెళ్లిపోయాడు. యేసు దేహాన్ని సమాధి చేసిన అరిమతయియ యోసేపు పేరు ఎత్తలేదు. ఆర్థర్ సమాధి ఊసు లేదు.

ఇది మనకెలా తెలుసు? ఇక్కడే అసలు చిక్కు, అసలు సరదా కూడా. విలియం చేతిరాత పుస్తకం పోయింది. మనకు మిగిలింది దాదాపు 1247 నాటి నకలు. అందులో యోసేపు ఉన్నాడు, ఆర్థర్ ఉన్నాడు, లేనివాడు లేడు. అయితే విలియం తన రాజుల చరిత్రను తర్వాత తిరగరాసినప్పుడు గ్లాస్టన్‌బరీ పుస్తకం నుంచి పెద్ద పెద్ద భాగాలు ఎత్తి అందులో పెట్టుకున్నాడు. ఆ రాతప్రతులు విడిగా, క్షేమంగా ఉన్నాయి. రెండూ పక్కన పెట్టి చదివితే మఠం నకలులో ఏది విలియందో, ఏది తర్వాత దూర్చిందో చాలావరకు విడిపోతుంది. మన పండితులు ప్రక్షిప్తాలు అంటారే, అవే ఇవి. ‘విశ్వదాభిరామ’ తగిలిస్తే చాలు వేమన పద్యమైపోయినట్టు, గ్లాస్టన్‌బరీలో ఏం చెప్పాలన్నా విలియం పుస్తకంలో దూర్చేస్తే సరిపోయింది. పాపం, అనుమానాలతో ఆచితూచి రాసినవాడు చచ్చాక అన్నిటికీ సాక్షి అయ్యాడు.

ప్రక్షిప్తాలకు తొందర పెట్టింది ఒక అగ్నిప్రమాదం.

1184 మే 25న మఠం తగలబడింది. తడికల పాత చర్చి బూడిదైంది. పుణ్యపురుషుల ఎముకల్లాంటి పవిత్ర అవశేషాలు, పుస్తకాలు, నగలు చాలా పోయాయి. భక్తులు వచ్చేది వాటి కోసమే, కానుకలు పడేది వాటి ముందే. మొదట్లో రెండో హెన్రీ రాజు డబ్బిచ్చాడు. పాత చర్చి ఉన్న చోటే రెండు మూడేళ్లలో మరియమ్మ ప్రార్థనాలయం లేచింది. దాని గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అప్పటికే కోసుగా లేచే తోరణాల గోథిక్ పద్ధతి వచ్చేసినా, దీన్ని గుండ్రటి తోరణాలతో పాతకాలపు ధోరణిలో కట్టారు. కొత్త కట్టడం పాతదిలా కనబడాలని కావాలనే అలా చేశారని పురావస్తు పండితులు అంటున్నారు. నాకైతే ఇది అన్ని దొంగపత్రాల కన్నా తెలివైన పని అనిపిస్తుంది. పత్రం చదవడానికి లాటిన్ రావాలి, గోడ చదవడానికి కళ్లుంటే చాలు.

1189 జూలైలో హెన్రీ పోయాడు. కొడుకు మొదటి రిచర్డ్‌కు క్రూసేడ్ తప్ప వేరే ధ్యాస లేదు, ఉన్న డబ్బంతా అటే పోయింది. పెద్ద చర్చి పని ఇంకా ఎంతో ఉంది. రెండేళ్లకు ఆర్థర్ దొరికాడు.

ఆ తవ్వకం గురించి వేల్స్‌కు చెందిన జెరాల్డ్ ఒకటి రెండేళ్లలోనే రాశాడు. రెండు పాత రాతి స్తంభాల మధ్య తవ్వారు. ముందు ఒక రాతిపలక, దాని అడుగువైపు తగిలించిన సీసపు శిలువ. ఇంకా లోతుకు, పదహారు అడుగుల దగ్గర, లోపల తొలిచిన ఓక్ మాను. అందులో ఎముకలు. మోకాలి కింది ఎముకను అక్కడున్న అందరికన్నా పొడుగాటి మనిషి కాలు పక్కన పెడితే మోకాలు దాటి మూడంగుళాలు పైకి వచ్చిందట. పక్కనే బంగారు రంగు జడ, ఓ సన్యాసి ఆత్రంగా చెయ్యి వేయగానే పొడైపోయిందట. కథ చెప్పడం వచ్చినవాడు జెరాల్డ్.

శిలువ మీద ఏముందంటే: ఇక్కడ అవలోనియా ద్వీపంలో సుప్రసిద్ధుడైన ఆర్థర్ రాజు, ఆయన రెండో భార్య గ్వినెవీర్ సమాధి అయి ఉన్నారు. తర్వాతివాళ్లు చెప్పిన పాఠాల్లో ఆ రెండో భార్య మాయమైంది. అది పక్కన పెట్టినా, అసలు అనుమానం వేరే ఉంది. మనిషిని పాతిపెట్టేటప్పుడు సమాధి లోపల ఊరి పేరు ఎవరు రాస్తారు? ఆరో శతాబ్దంలో అక్కడ నిలబడి ఏడ్చేవాళ్లకు తామున్న ఊరేదో తెలుసు కదా. అయితే 1191లో ఆ పేరుకు విలువ ఉంది. గాయపడ్డ ఆర్థర్‌ను అవలాన్‌కు తీసుకుపోయారని 1130లలో జెఫ్రీ ఆఫ్ మాన్మత్ రాసి యూరప్ అంతా మోగించాడు. ఆ అవలాన్ ఎక్కడో జెఫ్రీ చెప్పలేదు. శిలువ చెప్పింది. 1607లో క్యామ్డెన్ అనే చరిత్రకారుడు ఆ శిలువ బొమ్మ అచ్చువేశాడు. అందులోని అక్షరాలు ఆర్థర్ కాలం నాటివి కావు, ఎన్నో శతాబ్దాల తర్వాతి ధోరణివి. శిలువ తర్వాత ఎటో పోయింది.

ఎక్కడ తవ్వాలో చెప్పింది రెండో హెన్రీ రాజేనని జెరాల్డ్ అంటాడు. ఓ ముసలి వేల్స్ గాయకుడి దగ్గర రాజు విన్నాడట. కాదనడానికి రాజు అప్పటికి బతికి లేడు.

ఇందులో మఠం లాభం ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. ఆర్థర్ తిరిగొచ్చి తమను ఇంగ్లీషు రాజుల నుంచి విడిపిస్తాడని వేల్స్ జనం నమ్మేవాళ్లు. ఎముకలు బయటపడ్డాక ఆయన ఇక రాడు. 1278 ఈస్టర్‌కు మొదటి ఎడ్వర్డ్ రాణితో సహా వచ్చి, సమాధి తెరిపించి, ఎముకలను పట్టుబట్టల్లో చుట్టించి తిరిగి పెట్టించాడు. అంతకు ముందు ఏడాదే ఆయన వేల్స్ మీద దండెత్తాడు, మరో ఐదేళ్లలో దాన్ని పూర్తిగా మింగాడు. శత్రువుల ఆశాజ్యోతికి అంత్యక్రియలు దగ్గరుండి జరిపించడంలో ఉన్న రాజకీయం ఆ రోజు అక్కడున్న అందరికీ అర్థమయ్యే ఉంటుంది.

యోసేపు రాక ఇంత నాటకీయంగా జరగలేదు. యేసు దేహాన్ని పిలాతును అడిగి తీసుకుని, తన కోసం తొలిపించుకున్న సమాధిలో పెట్టిన ధనవంతుడిగా ఆయన బైబిల్ చదివినవాళ్లందరికీ తెలుసు. ఆ తర్వాత సువార్తల్లో ఆయన కనబడడు. 1200 ప్రాంతంలో ఒక ఫ్రెంచి కవి పవిత్ర పాత్ర (హోలీ గ్రెయిల్, యేసు చివరి విందులో వాడాడని చెప్పే పాత్ర) కథను యోసేపుతో ముడిపెట్టి, ఆ పాత్ర పడమటి దేశంలో అవరోన్ లోయలకు పోతుందని రాశాడు. ఆర్థర్ పుణ్యమా అని అవలాన్ అంటే గ్లాస్టన్‌బరీ అని అప్పటికే స్థిరపడింది. కాబట్టి యోసేపు కూడా ఇక్కడికే రావాలి. 1247 నాటి నకలులో వచ్చేశాడు: క్రీ.శ. 63లో ఫిలిప్పు గాల్ నుంచి పన్నెండుమందిని పంపాడు, వాళ్లకు పెద్ద యోసేపు, స్థానిక రాజు మతం పుచ్చుకోకపోయినా వాళ్లకు పన్నెండు హైడ్ల భూమి ఇచ్చాడు. మాన్యం గుర్తుందా? శిష్యుడికో హైడ్. పన్ను ఎందుకు కట్టరని ఎవరైనా అడిగితే ఇక జవాబు సిద్ధం.

మఠం వాళ్లు ఒక చోట మాత్రం తెలివిగా వెనక్కి తగ్గారు. పవిత్ర పాత్ర మా దగ్గరుంది అనలేదు. అది కవుల సరుకు, చర్చి దాన్ని ఎప్పుడూ అధికారికంగా ఒప్పుకోలేదు. 1340ల్లో మఠం చరిత్ర మళ్లీ రాసిన జాన్ అనే సన్యాసి దాని బదులు రెండు చిన్న కూజాలు పెట్టాడు, యేసు రక్తం ఒకదాంట్లో, చెమట ఒకదాంట్లో. అవి యోసేపుతో పాటు ఆయన సమాధిలోనే ఉన్నాయన్నాడు. ఆ సమాధి ఎక్కడ? ఎవరికీ అర్థం కాని ఓ జోస్యంలో ఉంది. 1345లో జాన్ బ్లోమ్ అనే లండన్ మనిషి యోసేపు దేహాన్ని వెతకడానికి రాజు దగ్గర అనుమతి కూడా తెచ్చుకున్నాడు. మఠం మాత్రం దొరికింది అని ఎన్నడూ గట్టిగా ప్రకటించలేదు. ఆర్థర్‌ను తవ్వి తీయొచ్చు కాని, యేసు రక్తాన్ని తవ్వి తీస్తే ఆ తర్వాత ఏమవుతుందో ఊహించగలిగినవాళ్లు వాళ్లు.

వచ్చిన భక్తులకు ఇదంతా ఎలా చెప్పేవాళ్లు? చెక్క పలకలను పుస్తకంలా మడిచేలా చేసి, వాటికి రాసిన తోలుకాగితాలు అంటించి, చర్చిలో నిలబెట్టారు. పద్నాలుగో శతాబ్దం చివరి నాటి ఆ పలకలు ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. మన గుళ్లలో ప్రదక్షిణ చేస్తూ గోడమీద చదివే స్థలపురాణం బోర్డు లాంటిదే. పాత చర్చి ఎక్కడుండేదో, అరవై అడుగుల పొడవు ఇరవై ఆరు అడుగుల వెడల్పు అని కొలతలతో సహా చెప్పే ఇత్తడి రేకు కూడా ఓ స్తంభానికి కొట్టించారు. కాలిపోయి రెండు వందల ఏళ్లు దాటిన దానికి అంత కచ్చితమైన కొలతలు!

పదిహేనో శతాబ్దంలో ఈ ఊరి కథ ఏకంగా అంతర్జాతీయ వేదికెక్కింది. పోప్ పదవి కోసం ముగ్గురు కొట్టుకుంటున్న రోజుల్లో చర్చి మహాసభలు జరిగాయి. వాటిలో ఓట్లు దేశాల వారీగా వేసేవాళ్లు. 1417లో కాన్‌స్టాన్స్‌లో ఫ్రాన్సువాళ్లు ఇంగ్లండ్‌ను విడి దేశంగా లెక్కపెట్టొద్దన్నారు. ఇంగ్లీషువాళ్లు యోసేపును బయటికి తీశారు: యేసు పోయిన వెంటనే మాకు క్రైస్తవం వచ్చింది, మీకన్నా ముందు మేమే. 1409లో పీసాలో, 1424లో సియెన్నాలో, 1434లో బాసెల్‌లో కూడా ఇదే వాదన. బాసెల్‌లో పోటీ స్పెయిన్‌తో, వాళ్లు అపొస్తలుడు యాకోబును అడ్డుపెట్టుకున్నారు. చిత్తడి నేలలో ఓ మఠం తన మాన్యం కోసం చెప్పుకున్న కథ, మూడు వందల ఏళ్లు తిరక్కుండానే రాజదూతలు కుర్చీల వరస కోసం వాడే వకాల్తా అయింది. అక్కడున్నవాళ్లెవరూ దాన్ని కట్టుకథ అని కొట్టిపారేయలేకపోయారు, ఎందుకంటే అందరి సంచిలోనూ అలాంటిదే ఒకటుంది.

ఇక ముళ్లచెట్టు. యోసేపు కొండ మీద చేతికర్ర పాతితే చిగిర్చి క్రిస్మస్‌కు పూసిందన్న కథే ఇప్పుడు అందరికీ తెలిసింది. నిజానికి ఇది చాలా చిన్నవయసు కథ. 1520లో అచ్చైన ఒక పద్యంలో క్రిస్మస్‌కు పచ్చగా ఉండే మూడు ముళ్లచెట్లున్నాయి కాని కర్ర లేదు. కర్ర అచ్చులో గట్టిగా నిలదొక్కుకోవడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది, అప్పటికి మఠమే లేదు. చెట్టు మాత్రం నిజం. ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో ఒకసారీ వసంతంలో ఒకసారీ పూసే హాథార్న్ రకం. గింజ నాటితే మామూలు చెట్టే వస్తుంది, అంటు కడితేనే ఆ గుణం నిలుస్తుంది. 1752లో ఇంగ్లండ్ క్యాలెండర్ మార్చి పదకొండు రోజులు ఎత్తేసినప్పుడు, బకింగ్‌హామ్‌షైర్‌లోని క్వెయిన్టన్‌లో రెండు వేల మందికి పైగా జనం లాంతర్లు పట్టుకుని ఇలాంటి ఒక చెట్టు చుట్టూ చేరారు. కొత్త క్రిస్మస్‌కు పూస్తుందా, పాత క్రిస్మస్‌కు పూస్తుందా అని. కొత్త తేదీకి పూయలేదు. ప్రభుత్వం తప్పు, చెట్టు కరెక్ట్ అని తేల్చుకుని ఇళ్లకు పోయారు.

మఠం అంతకు రెండు వందల ఏళ్ల ముందే పోయింది. ఎనిమిదో హెన్రీ మఠాలన్నిటినీ మూయించి ఆస్తులు లాక్కుంటూ 1539లో ఇక్కడికి వచ్చాడు. నవంబరు 15న ముసలి మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ను టోర్ కొండ మీద ఉరితీశారు. యోసేపు గాని, ఆర్థర్ గాని అడ్డుపడలేదు. ఆర్థర్ సమాధి ముక్కలైంది, ఎముకలు ఏమయ్యాయో తెలియదు.

కథలు పుట్టడం మాత్రం ఆగలేదు. బాల యేసు యోసేపుతో ఓడెక్కి గ్లాస్టన్‌బరీకి వచ్చాడన్నది ఇప్పుడు చాలామంది మధ్యయుగం నాటి నమ్మకం అనుకుంటారు. మఠంవాళ్లు ఆ మాట ఎన్నడూ అనలేదు. 19వ శతాబ్దం చివరికి ముందు అది స్పష్టంగా ఎక్కడా రాతలో కనబడదు. 1908లో తవ్వకాలు మొదలుపెట్టిన బ్లై బాండ్ అనే ఆర్కిటెక్ట్, ఎక్కడ తవ్వాలో చనిపోయిన సన్యాసులే తన మిత్రుడి చేతిచేత రాయించారని 1918లో ప్రకటించి కొన్నేళ్లకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పేరున్న పురావస్తువేత్త రాలీ రాడ్‌ఫర్డ్ కూడా 1951 నుంచి 1964 దాకా తవ్వి, సన్యాసులు ఆర్థర్ కోసం తవ్విన గొయ్యి దొరికిందన్నాడు.

రాడ్‌ఫర్డ్ రాసిపెట్టుకున్న నోట్సునూ దొరికిన వస్తువులనూ రెడింగ్ విశ్వవిద్యాలయం బృందం మళ్లీ మొదటి నుంచి పరిశీలించి 2015లో ఫలితాలు బయటపెట్టింది. ఆర్థర్ గొయ్యి అన్నది శ్మశానంలో ఓ మామూలు గొయ్యి, అందులోని వస్తువులు పదకొండు నుంచి పదిహేనో శతాబ్దం దాకా ఉన్నాయి. తడికల చర్చి ఆనవాలు లేదు. కాని అదే పెట్టెల్లో రాడ్‌ఫర్డ్ పెద్దగా పట్టించుకోని సరుకుంది. ఏడో శతాబ్దం చివర, ఎనిమిదో శతాబ్దం నాటి ఐదు గాజు కొలుములు, పాత రోమన్ గాజును తెచ్చి కరిగించి వాడినవి. ఆ కాలపు ఇంగ్లండ్‌లో అంత తొలినాటి గాజు పని అరుదు.

ఇంకా ఉంది. మఠం పుట్టకముందు, 450కీ 550కీ మధ్య, అక్కడ ఎవరో ఉన్నారు. ఒక కర్ర కట్టడం, దానితో పాటు పగిలిన జాడీ పెంకులు. ఆ జాడీలు మధ్యధరా సముద్రం తూర్పు తీరం నుంచి వచ్చాయి. యోసేపు వచ్చాడని చెప్పిన వైపు నుంచే. వాటిలో వచ్చింది ద్రాక్షసారా.